తెలుపు మీది తొందర: రంగును హరించే రసాయనాలు బట్టకు ఏమి చేస్తాయి, చర్మానికి ఏమి చేస్తాయి?

గత మాఘమాసంలో ఒక శుక్రవారం ఉదయం ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చింది. ఆ అమ్మాయికి ఇరవైమూడేళ్లు ఉంటాయి. కళ్లు తప్ప ముఖమంతా చున్నీతో కప్పుకొని ఉన్నది. తీయమన్నాను. చెక్కిళ్లు, నుదురు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. పై పెదవి మీద సన్నని నీటిపొక్కులు లేచి ఉన్నాయి.

"డాక్టరుగారూ, ఎల్లుండి ఆదివారం పిల్లకు పెళ్లిచూపులు. నిన్న సాయంత్రం ముఖానికి బ్లీచింగ్ క్రీము రాసుకున్నది. డబ్బా మీద పదిహేను నిమిషాలని ఉంటే, ఎక్కువ తెలుపు వస్తుందని ముప్పావుగంట ఉంచుకున్నది. మంట పుడుతున్నా ఓర్చుకున్నది. ఆదివారానికి తగ్గిపోయే పసరుమందు ఏదైనా ఇయ్యండి" అన్నది తల్లి.

అటువంటి మందు నా వద్ద లేదనీ, రెండు రోజులలో మానే గాయం కాదనీ ఉన్నమాట చెప్పినాను. తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నది. అమ్మాయి మాత్రం ధైర్యంగానే ఉన్నది. శీతోపచారం చేస్తూ ఉండగా నన్నొక ప్రశ్న అడిగినది. "తాతగారూ, నీళ్లతో కడిగితే పోని రంగు ఆ క్రీముతో ఎలా పోతుంది? పోయిన రంగు ఎక్కడికి పోతుంది?"

నలభై ఏండ్ల వైద్యవృత్తిలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. రాసుకునే ముందే ఈ ప్రశ్న వేసుకొని ఉంటే ఆ అమ్మాయి ముఖం కాలేది కాదు. మన పాఠకుల ఇండ్లలోనూ స్నానాల గదిలో బ్లీచింగ్ పౌడరు, అద్దం ముందు బ్లీచింగ్ క్రీము ఉండనే ఉంటాయి. అందువలన ఆ ప్రశ్నకు సమాధానాన్ని కొంచెం విపులంగా ఇక్కడ వ్రాస్తున్నాను.

రంగు అనగా ఏమి?

సూర్యకాంతిలో అన్ని వర్ణాలూ కలిసి ఉంటాయి. ఒక వస్తువు ఆ కాంతిలో కొంత భాగాన్ని మ్రింగి, మిగిలినది మన కంటికి పంపుతుంది. పసుపుకొమ్మును చూడండి. అందులోని కుర్కుమిన్ అనే పదార్థం ఊదా, నీలి కాంతులను గ్రహించి మిగిలినవాటిని విడిచిపెడుతుంది. ఆ మిగిలిన కాంతి మనకు పసుపుగా కనబడుతుంది. తెల్లని గుడ్డ దేనినీ మ్రింగక, వచ్చిన కాంతిని వచ్చినట్లే తిప్పి పంపుతుంది. కనుక అది తెలుపు.

కాంతిని మ్రింగే ఈ శక్తి అణువు నిర్మాణంలో ఉన్నది. రంగు గల సేంద్రియ పదార్థాల అణువులలో కర్బన పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలతో కట్టుబడి, పొడవైన గొలుసుల వలెనో, వలయాల వలెనో ఉంటాయి. ఆ వరుస పొడవునా ఎలక్ట్రానులు స్వేచ్ఛగా సంచరిస్తూ, కంటికి కనబడే కాంతిని పట్టుకొనగలుగుతాయి. వీణ తీగ పొడవును బట్టి స్వరం మారినట్లే, ఈ వరుస పొడవును బట్టి అణువు పట్టుకొనే కాంతి మారుతుంది. తీగను నడిమికి తెంపితే స్వరం పోతుంది. ద్విబంధాల వరుసను తెంపితే రంగు పోతుంది. విరంజనం, అనగా బ్లీచింగ్, యొక్క రహస్యమంతా ఇదే.

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చును. తెల్లని నూలుగుడ్డ ముక్క మీద పసుపునీళ్లు చల్లండి. ఆ మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబారుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపి చేసేవే కదా, ఇదీ అటువంటిదే. ఇప్పుడు దాని మీద నిమ్మరసం పిండండి. మరల పసుపు రంగు వస్తుంది. క్షారం వలన మారిన రంగు ఆమ్లం తగలగానే తిరిగి వచ్చింది కనుక అణువు చెడలేదు, దాని స్థితి మాత్రమే మారింది. ఇది విరంజనం కాదు. అదే గుడ్డను ఉతికి, తడిగానే రెండు మూడు రోజులు మంచి ఎండలో వేయండి. మరక క్రమంగా పాలిపోయి మాయమవుతుంది. ఇక ఎంత నిమ్మరసం పిండినా తిరిగి రాదు. ఎండ ఆ అణువును ఛేదించినది. ఇది విరంజనం.

రెండు మార్గాలు

రంగును హరించే రసాయనాలు ప్రధానంగా రెండు మార్గాలలో పనిచేస్తాయి.

మొదటిది ఆక్సీకరణం. క్లోరిన్, బ్లీచింగ్ పౌడరు, ద్రవరూపంలో అమ్మే సోడియం హైపోక్లోరైట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఈ జాతికి చెందినవి. ఇవి రంగు అణువులోని ద్విబంధాల మీద దాడి చేసి వాటిని తెంపుతాయి, లేదా అక్కడ ఆక్సిజన్‌నో క్లోరిన్‌నో చేర్చుతాయి. వరుస విచ్ఛిన్నమై అణువు చిన్న ముక్కలవుతుంది. ఆ ముక్కలకు కంటికి కనబడే కాంతిని పట్టే శక్తి ఉండదు. గమనించవలసినదేమనగా, తెల్లబడినంత మాత్రాన మరక పోయినట్లు కాదు. ముక్కలు గుడ్డలోనే ఉంటాయి. తరువాత శుభ్రంగా జాడించినప్పుడే అవి బయటకు పోతాయి.

క్లోరిన్ తన పని చేయడానికి తడి కావలె. పొడి క్లోరిన్ వాయువులో పొడిగా ఉన్న రంగుగుడ్డను ఉంచితే రంగు పోదు. అదే గుడ్డను తడిపి ఉంచితే పోతుంది. క్లోరిన్ నీటితో కలిసి హైపోక్లోరస్ ఆమ్లంగా మారడం వలన ఇది జరుగుతుంది. అసలు పని చేసేది ఆ ఆమ్లమే.

రెండవది క్షయకరణం. గంధకపు పొగ, అనగా సల్ఫర్ డయాక్సైడ్, మరియు మన చేనేత అద్దకపువారు హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ ఈ జాతివి. ఇవి ద్విబంధాలను తెంపవు. వాటిని ఏకబంధాలుగా మార్చి వరుసను నిలిపివేస్తాయి. ఈ మార్పు తరచు తాత్కాలికం. నీలిమందు తొట్టిని చూసినవారికి ఇది తెలుసును. హైడ్రోస్ తగిలిన నీలి తన రంగును కోల్పోయి, లేత పసుపుపచ్చ ద్రవమై నూలులోనికి ఇంకుతుంది. నూలును పైకి తీసి గాలికి ఆరవేస్తే చూస్తుండగానే మరల నీలమవుతుంది. గాలిలోని ఆక్సిజన్ పోయిన రంగును తిరిగి ఇస్తుంది.

ఈ హైడ్రోస్‌నే కొందరు బెల్లం వండేటప్పుడు కలుపుతారు. సహజంగా ముదురు గోధుమరంగులో ఉండవలసిన బెల్లం లేత బంగారు వన్నెతో మెరుస్తుంది, కొనేవారి కంటికి ఇంపుగా ఉంటుంది. ఇంటికి తెచ్చి నిలువ ఉంచితే కొన్నాళ్లకు నల్లబడుతుంది. బెల్లం చెడిపోయిందని గృహిణి అనుకుంటుంది. నిజానికి అణచిన రంగు తిరిగి వచ్చింది. గంధకపు అవశేషాలు ఉబ్బసం గలవారికి ఆయాసాన్ని రేపవచ్చును. మన శాస్త్రం పాతబెల్లాన్ని శ్రేష్ఠమన్నది. తెల్లబెల్లాన్ని ఎక్కడా శ్రేష్ఠమనలేదు. నలుపు తిరిగిన బెల్లాన్ని చూసి ముఖం చిట్లించవద్దని పాఠకులకు మనవి.

పూర్వం తెలుపు ఎలా వచ్చేది?

గోదావరి తీరాన మా గురువుగారి ఇంట నేను విద్యాభ్యాసం చేసిన రోజులలో, తైలాలు వడగట్టే గుడ్డలు వారానికొకసారి రేవుకు వెళ్లేవి. కషాయాల మరకలతో నల్లబడిన ఆ గుడ్డలను తీసుకొని వెళ్లే పని నాది. ఆ రేవున ఒక వృద్ధ రజకుడు ఉండేవాడు. ఆయన గుడ్డలను చవుటిమన్ను కలిపిన నీటిలో నానవేసి, బాన మీద ఉబ్బకు పెట్టి, రాతి మీద ఉతికి, తడి గుడ్డలను గడ్డి మీద పరచేవాడు. ఆరిపోతూ ఉంటే నీళ్లు చిలికేవాడు. "ఆరేసిన గుడ్డను మళ్లీ తడుపుతావేమి మామా?" అని అడిగితే, "తడి లేకపోతే ఎండ కాలుస్తుంది గాని తెల్లబరచదు అబ్బాయిగారూ" అనేవాడు. క్లోరిన్‌కు తడి కావలెనని పుస్తకంలో చదివినప్పుడు నాకు ఆ వృద్ధుని మాటే గుర్తుకు వచ్చింది.

ఎండ, తేమ, గాలి, ఈ మూడూ కలిసి చేసేది కూడ ఆక్సీకరణమే. అది నెమ్మదిగా జరుగుతుంది కనుక నూలు బలం అంతగా చెడదు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ముతక గుడ్డను పేడనీటిలో నానవేసి, నదిలో జాడించి, ఎండలో పరచి తెలుపు చేస్తారు. ఆ పిదప కరక్కాయల రసంలో, గేదెపాలలో ముంచి అద్దకానికి సిద్ధం చేస్తారు. మా వైద్యులకు త్రిఫలాలలో ఒకటైన కరక్కాయ, వారికి రంగును గుడ్డకు పట్టి ఉంచే పునాది.

ఐరోపాలోనూ ఇదే పద్ధతి. నారగుడ్డలను క్షారజలంలో నానవేసి, పులిసిన మజ్జిగలో ముంచి, పచ్చిక బయళ్లలో పరచి తెలుపు చేయడానికి నెలలు పట్టేది. 1774లో షీలే అనే స్వీడన్ రసాయనవేత్త క్లోరిన్ వాయువును కనుగొని, అది ఆకులను, పూలను పాలిపోజేయడం గమనించినాడు. 1785లో బెర్తొలే అనే ఫ్రెంచి పండితుడు దానిని గుడ్డలకు ఉపయోగించే విధానం చూపినాడు. 1799లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ టెనెంట్ పొడి సున్నం చేత క్లోరిన్‌ను పీల్పించి చేసే బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు పొందినాడు. నెలల పని గంటలలోనికి వచ్చింది. 1818లో తెనార్ అనే మరొక ఫ్రెంచి పండితుడు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేసినాడు.

ఈ రసాయనాలను నేను నిందించడం లేదు. ఊరి బావిలో చల్లిన బ్లీచింగ్ పౌడరు కలరా వంటి మహమ్మారుల నుండి ఎన్నో ప్రాణాలను కాపాడింది. రంగు అణువును ఛేదించే శక్తియే క్రిమిని కూడ ఛేదిస్తుంది. అదే శక్తి మన కంటిని, ఊపిరితిత్తిని, చర్మాన్ని కూడ ఛేదించగలదు. మరకకూ మనిషికీ ఉన్న భేదం రసాయనానికి తెలియదు. తెలిసి మెలగవలసినది మనమే.

ఇంట్లో వాడేవారికి హెచ్చరిక

అన్నిటికంటె ముఖ్యమైనది ముందు చెబుతాను. బ్లీచింగ్ పౌడరును గాని, ద్రవ బ్లీచ్‌ను గాని మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. ఆసిడ్ తగలగానే బ్లీచ్ నుండి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో అది ప్రాణాంతకం కావచ్చును. అమ్మోనియా గల ద్రవాలతో కలిపినా క్లోరమిన్ అనే విషవాయువు పుడుతుంది.

ఈ మాట నేను పుస్తకం చూసి మాత్రమే చెప్పడం లేదు. కొన్నేండ్ల క్రితం సంక్రాంతికి ఇల్లు కడుగుతూ మా కోడలు రెండూ కలిపితే మురికి త్వరగా వదులుతుందని బకెట్టులో కలిపినది. నిమిషం గడవకముందే గొంతు పట్టేసి, కళ్లు మండి, దగ్గుతూ బయటకు వచ్చి కూలబడినది. వైద్యుని ఇంట జరిగిన పొరపాటు ఇది. ఆనాడు నేను ఏ కషాయమూ కాచలేదు. బయటి గాలిలో కూర్చుండబెట్టి, కళ్లు నీళ్లతో కడిగి, నేరుగా ఆసుపత్రికి తీసుకొని వెళ్లినాను. క్లోరిన్ పీల్చినవారికి తొలుత తగ్గినట్లు అనిపించి, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. ఇది గృహవైద్యానికి తగిన సందర్భం కాదు.

ఇక బట్టల విషయం. నూలు, నార గుడ్డలు పలుచని బ్లీచ్‌కు తట్టుకుంటాయి. అయినా గాఢత గాని, సమయం గాని మించితే నూలుపోగు బలం కోల్పోయి, ఉతికినప్పుడు చీలికలవుతుంది. పట్టు, ఉన్ని మాంసకృత్తులతో అయినవి కనుక క్లోరిన్ బ్లీచ్‌లో పసుపుబారి, శిథిలమై, చివరకు కరిగిపోతాయి. పట్టుచీరెకు బ్లీచ్ తగలనీయవద్దు, కుంకుడు రసమే దానికి క్షేమం. తుప్పు మరక మీద బ్లీచ్ వేయరాదు. తుప్పు ద్విబంధాల వరుస గల రంగు కాదు, ఇనుము. బ్లీచ్ దానిని హరించలేదు సరికదా ఇంకా స్థిరపరుస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి కొంతసేపు ఉంచి కడిగితే ఆమ్లం ఇనుమును కరిగించి తీసుకొని పోతుంది. పసుపు మరకకు ఎండ చాలును.

బ్లీచింగ్ పౌడరు మూత తీసి ఉంచితే గాలిలోని తేమకు క్రమంగా నీరసపడుతుంది. గాలి చొరని డబ్బాలో, పిల్లలకు అందని చోట, ఆసిడ్ సీసాకు దూరంగా ఉంచవలెను. తాగే నీళ్ల సీసాలలో బ్లీచ్ పోసి ఉంచే అలవాటు మహాపాపం.

చర్మం బట్ట కాదు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. జుట్టుకు, చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. ముఖానికి వాడే బ్లీచింగ్ క్రీములలో సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్, దానిని చురుకుపరచే అమ్మోనియా వంటి క్షారమో, పెర్‌సల్ఫేట్ పొడియో ఉంటాయి. క్షారం వెంట్రుక పై పొలుసులను తెరుస్తుంది. పెరాక్సైడ్ లోనికి పోయి మెలనిన్‌ను ఆక్సీకరించి ఛేదిస్తుంది. నల్లని నూగు లేత బంగారు రంగుకు మారుతుంది. ముఖం మీది నూగు కనబడకపోవడం వలన ముఖమే తెల్లబడినట్లు భ్రాంతి కలుగుతుంది.

వెంట్రుక నిర్జీవం. బట్ట వలె దానికి నొప్పి లేదు, మరమ్మతు లేదు. పదేపదే బ్లీచ్ చేస్తే దానికి బలాన్నిచ్చే గంధకపు బంధాలు కూడ తెగి గడ్డిపోచలా పెళుసవుతుంది. చర్మం అటువంటిది కాదు, సజీవం. అందులో మెలనిన్ తయారయ్యేది పైపొర అడుగున. అక్కడి కణాలు మెలనిన్‌ను తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. ఆ కణాలు సుమారు నాలుగు వారాలలో పైకి వచ్చి రాలిపోతాయి, క్రొత్తవి వస్తాయి. పైన పూసిన పెరాక్సైడ్ అడుగున ఉన్న ఆ కర్మాగారాన్ని చేరి మూసివేయలేదు. పైపైని మృతకణాలు కొంచెం పాలిపోతాయి, అంతే. చేరేటంత గాఢంగా, చేరేటంతసేపు పూస్తే రంగు కంటె ముందు చర్మమే కాలుతుంది. ఆ అమ్మాయికి జరిగినది ఇదే.

గాఢత విషయం కూడ తెలిసికొనండి. పుండ్లు కడగడానికి మందుల దుకాణంలో అమ్మే పెరాక్సైడ్ సాధారణంగా 3 శాతం. దానినే 10 వాల్యూముల ద్రావణమంటారు. ఒక లీటరు ద్రావణం 10 లీటర్ల ఆక్సిజన్‌ను ఈయగలదని అర్థం. జుట్టుకు వాడే ద్రావణాలు 6, 9, 12 శాతాల వరకు ఉంటాయి. జుట్టు కొరకు తెచ్చినదానిని ముఖానికి పూయడం నిప్పుతో చెలగాటం. పెర్‌సల్ఫేట్ పడనివారికి దద్దుర్లు, ఆయాసం కూడ వస్తాయి.

అంతకంటె ప్రమాదకరమైనవి బ్లీచ్ అన్న పేరు లేకుండా వచ్చే తెలుపు క్రీములు. ఇవి ఉన్న రంగును ఛేదించవు. రంగు తయారుకాకుండా అడ్డుపడతాయి. మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైము అవసరం, ఆ ఎంజైముకు రాగి అవసరం. పాదరస లవణాలు ఆ రాగి స్థానాన్ని ఆక్రమించి పనిని ఆపుతాయి. రంగు నిజంగానే తగ్గుతుంది. కాని పాదరసం చర్మం గుండా రక్తంలో ప్రవేశించి మూత్రపిండాలలో చేరుతుంది. 2021కీ 2023కీ మధ్య కేరళలో మూత్రంలో మాంసకృత్తు పోయే ఒక మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించగా, 15 మందిలో ఒక ప్రత్యేకమైన రకం కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు వాడినవారు. మినమాటా అంతర్జాతీయ ఒడంబడిక పాదరసపు సౌందర్య సాధనాలను నిషేధించింది. మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు కూడ పాదరసం కలపరాదని శాసిస్తున్నాయి. అయినా చీటీ సరిగా లేని డబ్బాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద ఆకుల బొమ్మలు, ఆయుర్వేదమన్న పేరు కూడ ఉండవచ్చును. రసశాస్త్రంలో పారదం ఉన్నదని చెప్పి ఈ క్రీములను సమర్థించేవారిని నమ్మవద్దు.

హైడ్రోక్వినోన్ కూడ అదే ఎంజైమును అడ్డగిస్తుంది. చర్మవైద్యులు మంగు మచ్చలకు కొద్దికాలం వాడవలసిన మందు అది. సంవత్సరాల తరబడి స్వయంగా పూసుకున్నవారికి చర్మం నీలినలుపుగా మారి మొద్దుబారుతుంది. తెలుపు కోరి నలుపు తెచ్చుకోవడమంటే ఇదే. స్టీరాయిడు క్రీముల సంగతి కూడ ఇటువంటిదే. చర్మం పలుచబడి, నెత్తురు నాళాలు పైకి కనబడి, మానివేయగానే మొటిమలు, మంట విజృంభిస్తాయి.

రంగును శాశ్వతంగా హరించే రసాయనాలు కూడ ఉన్నాయి. 1939లో అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు చేతితొడుగులు వేసుకొని పనిచేసినవారి చేతులు తెల్లబారినట్లు కనుగొన్నారు. రబ్బరులో కలిపిన హైడ్రోక్వినోన్ జాతి రసాయనం మెలనిన్ తయారుచేసే కణాలనే చంపినది. మన ఇండ్లలో దీనికి దగ్గరి ఉదాహరణ స్టిక్కరు బొట్టు. కొన్ని బొట్టు బిళ్లల జిగురులోని ఒక ఫినాల్ జాతి రసాయనం వలన నుదుట బొట్టంత తెల్లమచ్చ రావచ్చును. అటువంటి మచ్చ కనబడగానే స్టిక్కరు మానివేసి వైద్యునికి చూపవలెను.

శాస్త్రం ఏమంటున్నది?

చరకాచార్యులు ఇంద్రియస్థానంలో శరీరానికి సహజమైన వర్ణాలను లెక్కించినారు. కృష్ణవర్ణం, శ్యామవర్ణం, శ్యామమూ అవదాతమూ కలిసిన వర్ణం, అవదాతవర్ణం. నలుపు ఈ జాబితాలో మొదటిది. వికారవర్ణాలు కూడ చెప్పినారు. నీలం, తామ్రం మొదలగు వాటి సరసన శుక్లం, అనగా తెలుపు, ఆ జాబితాలో ఉన్నది. మన పెళ్లిచూపులలో దేనిని గుణమంటున్నారో, దేనిని దోషమంటున్నారో చరకుని ముందు నిలిచి చెప్పగలమా?

సుశ్రుతాచార్యులు చర్మానికి ఏడు పొరలు చెప్పి, మొదటిదైన అవభాసిని సకల వర్ణాలను ప్రకాశింపజేస్తుందని వివరించినారు. చర్మంలో ఉండే భ్రాజక పిత్తం కాంతికి కారణం. శాస్త్రంలో వర్ణ్యమన్న మాట ఉన్నది. చందనం, వట్టివేరు, యష్టిమధుకం, మంజిష్ఠ, సుగంధిపాల మొదలైన పది ద్రవ్యాలను చరకుడు వర్ణ్యగణమన్నాడు. వర్ణ్యమనగా ఉన్న వర్ణానికి మేలు చేసేది, కాంతినిచ్చేది. నలుపును తెలుపు చేసేది అని అర్థం కాదు. కుంకుమాది తైలం వ్యంగానికి, అనగా మంగు మచ్చలకు చెప్పినది. దానితో శ్యామవర్ణులు శ్వేతవర్ణులు కారు. అవుతారని ఏ వైద్యుడైనా చెబితే అతడు శాస్త్రం చెప్పడం లేదు, సరుకు అమ్ముతున్నాడు. సహజవర్ణం రోగం కాదు. రోగం కానిదానికి చికిత్స లేదు.

ఆచరించదగినవి

1. బ్లీచింగ్ క్రీము వలన మంట పుడితే తక్షణం తుడిచివేసి, చల్లని పారే నీటితో పావుగంటకు తక్కువ కాకుండా కడగవలెను. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు పూయరాదు. కంటిలో పడినా, పొక్కులు లేచినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలెను.

2. పొక్కులు లేక కందిన ఎరుపు మాత్రమే ఉంటే శతధౌత ఘృతం పలుచగా పూయవచ్చును. ఆవునేతిని చల్లని నీటితో నూరుసార్లు మర్దించి కడిగినది ఇది. తెల్లని వెన్న వలె ఉండి దాహాన్ని శమింపజేస్తుంది.

3. నలుగుకు పెసరపిండి, లేదా మైసూరుపప్పు పాలలో నానవేసి నూరిన ముద్ద చాలును. వారానికి రెండుసార్లు, తేలికగా. గట్టిగా రుద్దితే చర్మం ఒరిసి మచ్చలు పడతాయి.

4. నిమ్మరసం ముఖానికి పూసి ఎండలోనికి వెళ్లవద్దు. నిమ్మలోని ఒక పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు పెడుతుంది. బొల్లికి వాడే బావంచాలలో ఉన్నది ఇదే జాతి పదార్థం. అందుకే బావంచాలను కూడ వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు.

5. ఎండలో గొడుగు వేసుకొనండి. ముఖం నల్లబడకుండా ఉండడానికి ఇంతకంటె చవకైన మందు లేదు.

6. చీటీ మీద పదార్థాల పేర్లు, తయారీదారు చిరునామా లేని తెలుపు క్రీమును ఇంటికి తేవద్దు. ఇప్పటికే వాడుతున్నవారికి ముఖం, కాళ్లు వాచినా, మూత్రంలో నురుగు కనబడినా మూత్రపరీక్ష చేయించుకొనవలెను.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆదివారం పెళ్లిచూపులు వాయిదా వేయమని నేనే తండ్రికి చెప్పినాను. మూడు వారాలలో పుండ్లు మానినవి గాని, పై పెదవి మీద ముదురు గోధుమరంగు మచ్చ నిలిచింది. కాలిన చర్మం తన్ను తాను కాపాడుకోవడానికి ఎక్కువ మెలనిన్ తయారుచేస్తుంది. అది పోవడానికి కొన్ని నెలలు పడుతుందని చెప్పినాను. పోయిన రంగు ఎక్కడికి పోతుందని అడిగినావు కదా తల్లీ, బట్ట మీదిదైతే ముక్కలై నీళ్లలో కొట్టుకొని పోతుంది, నీ ముఖం మీదిది ఎక్కడికీ పోలేదు, గాయాన్ని కప్పడానికి మరికొంతమందిని వెంటబెట్టుకొని వచ్చింది అన్నాను. అమ్మాయి నవ్వినది.

రెండు నెలల తరువాత పెళ్లికొడుకువారు మరల కబురు చేసినారట. ఈసారి ముఖానికి ఏమీ పూసుకోనని అమ్మాయి ముందే చెప్పిందని తల్లి వచ్చి నాతో అన్నది. పూసుకోవలసిన అవసరమేమున్నదని నేను అడిగినాను. తల్లి కొంతసేపు మౌనంగా ఉండి, "నా పెళ్లికి ముందు మా అమ్మ కూడ నాకు ఏవేవో పూసిందండీ" అన్నది.